తుఫాను గంటల్లో దాటిపోతుంది, తాళం రోజులకు తీస్తారు

ఒడిశాలోని గంజాం జిల్లా వాళ్లకు గుర్తున్న తుఫానుల తేదీలు వరసగా రాసి చూస్తే ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది 2013 అక్టోబరు 12 రాత్రి. ఆ రోజు దుర్గాష్టమి. తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున, నవరాత్రులు మొదలైన మర్నాడు. హుద్‌హుద్ విశాఖ మీద పడింది 2014 అక్టోబరు 12న, దసరాకీ దీపావళికీ మధ్య. గులాబ్ కాస్త తొందరపడి 2021 సెప్టెంబరు 26నే వచ్చేసింది. బంగాళాఖాతంలో తుఫానులు ముదిరే కాలమూ మన పండగల కాలమూ ఒకటే. బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి, రాయగడల్లో తెలుగు ఇళ్లకు తాళాలు పడేది కూడా అప్పుడే. పూజా సెలవులు ఇచ్చేస్తారు. పిల్లల్ని తీసుకుని ఇచ్ఛాపురమో సోంపేటో శ్రీకాకుళమో వెళ్తారు. లేదంటే ఎప్పటినుంచో వాయిదా వేస్తూ వచ్చిన ఆపరేషన్‌ని సెలవుల్లో విశాఖలో చేయించుకుందామనుకుంటారు. ఇంట్లో పిల్లి మిగులుతుంది.

అందుకే తుఫాను వేళకు ఇంట్లో ఎవరూ లేకపోవడాన్ని ఏదో ఖర్మ కొద్దీ జరిగినట్టు చెప్పుకోవడం సరికాదు. రైలు టిక్కెట్టు బుక్ చేసిన రోజే లెక్కలో పెట్టుకోవాల్సిన సంగతి అది. కానీ చాలా ఇళ్లలో లెక్క ఇలా ఉంటుంది: రెండ్రోజులకే కదా వెళ్తున్నాం, గిన్నెలో కాసిని పాలు, పళ్లెంలో ఇంత చేప అన్నం పెట్టేస్తే సరి. మామూలు రోజుల్లో ఆ లెక్క ఎలాగో నెట్టుకొస్తుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్ద పిల్లి ఒక రోజు ఒంటరిగా ఉండగలదు. తుఫాను వస్తే మన తిరుగు ప్రయాణం తేదీ మన చేతిలో ఉండదు. చిక్కంతా అక్కడే.

ఫైలిన్ రాత్రినే తీసుకుందాం. తొమ్మిది గంటల ప్రాంతంలో గంటకు 200 కిలోమీటర్లకు పైగా వేగంతో తీరం దాటింది. మర్నాటికి గాలి జోరు తగ్గిపోయింది. అంటే ఇల్లు ఊగిపోయే గాలి ఉన్నది ఒక రాత్రే. కానీ హౌరా–చెన్నై లైన్లో రైళ్లు ముందే ఆగిపోయాయి. రోడ్ల మీద చెట్లు, కరెంటు స్తంభాలు అడ్డంగా పడిపోయాయి. బరంపురంలో కరెంటు రావడానికి రోజులు పట్టింది, పల్లెల్లో ఇంకా ఎక్కువ. కరెంటు లేకపోతే మోటారు లేదు, నీళ్లు లేవు, ఫోన్లకు చార్జింగు లేదు. ఆ వెనకే ఋషికుల్యకు వరద వచ్చింది. రెండ్రోజులకని శ్రీకాకుళం వెళ్లిన మనిషి అలాంటప్పుడు ఐదో రోజున ఇంటి గుమ్మం తొక్కగలిగితే అదృష్టమే.

తిత్లీ అయితే సరిగ్గా మధ్యదారి మీదే పడింది. పలాస అంటే విశాఖకూ బరంపురానికీ నడుమ రైలు దారి, హైవే రెండూ వెళ్లే చోటు. అటువైపు ఉన్నవాళ్లు అటే చిక్కుకుపోయారు. కొండ ప్రాంతాల వాళ్లకు తుఫానే రానక్కర్లేదు. 2017 జులై 16న రాయగడ జిల్లాలో నాగావళి, కల్యాణి నదులకు ఉన్నట్టుండి వరద వచ్చి తెరువలి–సింగపూర్ రోడ్ మధ్య రైలు వంతెనలు కొట్టుకుపోయాయి. ఆ దారిలో రైళ్లు చాలా రోజులు నడవలేదు.

ఇలా చూస్తే ఖాళీ ఇంట్లో ఉన్న పిల్లికి రెండు వేర్వేరు గండాలున్నాయి. ఒకటి గాలి, నీరు. అది గంటల లెక్క. రెండోది తాళం. అది రోజుల లెక్క. అందరి కంగారూ మొదటిదాని గురించే. టీవీలో చూపించేది అదే కనుక అది సహజమే. ఇల్లు గట్టిదై, నీళ్లు రాని చోట ఉంటే మాత్రం రెండోదానికే ఎక్కువ భయపడాలి.

పిల్లి శరీరం సంగతి తెలిస్తే ఎందుకో అర్థమవుతుంది. నాలుగు కిలోల పిల్లికి రోజుకు దాదాపు 200 మిల్లీలీటర్ల నీరు కావాలి. చేప, మాంసం తినే పిల్లికి అందులో చాలా వరకు తిండిలోంచే వస్తుంది. పొడి మేత, అంటే గింజల్లా ఉండే కొన్న తిండి, తినే పిల్లి దాదాపు అంతా తాగాల్సిందే. ఇక ఉపవాసం పిల్లికి పడదు. మనిషి రెండ్రోజులు తినకపోతే నీరసపడతాడు, అంతే. పిల్లి, ముఖ్యంగా ఒళ్లున్న పిల్లి, రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే ఒంట్లోని కొవ్వంతా కాలేయానికి చేరి అది పాడైపోయే ప్రమాదం ఉంది. ఎదురుగా తిండి ఉన్నా బెదిరిపోయి తినకపోయినా అంతే. మగపిల్లులకు ఇంకో బాధ. టెన్షన్‌లో ఉండి, నీళ్లు తక్కువ తాగి, ఉచ్చ ఆపుకుంటే మూత్రనాళం మూసుకుపోవచ్చు. అలా మూసుకుపోతే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదికొస్తుంది. ఇవేవీ గాలితో వచ్చేవి కావు. తలుపు తీసి ఒకసారి లోపలికి చూసే మనిషి లేకపోవడం వల్ల ముదిరేవి.

పలుపు విప్పినట్టు తలుపు తీయొచ్చా?

తుఫాను హెచ్చరికల్లో పశువుల గురించి ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది: పలుపులు విప్పి వదిలేయండి. కట్టేసి ఉన్న ఆవు నీళ్లొస్తే కట్టుకొయ్య దగ్గరే మునిగిపోతుంది, విప్పితే మెరక వెతుక్కుంటుంది. మంచి సలహా. పిల్లి ఊసు మాత్రం ఆ హెచ్చరికల్లో సాధారణంగా ఉండదు. దాంతో చాలామంది ఆవుకు చెప్పిందే పిల్లికీ అన్వయించుకుంటారు. వంటింటి కిటికీ ఓరగా వదిలేసి, "దాని దారి అది చూసుకుంటుందిలే" అని వెళ్లిపోతారు.

ఇందులో కొంత నిజం లేకపోలేదు. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందని ఊరికే అనలేదు. ఒక చోటు మీద అనుమానం వస్తే ఇంకో చోటు, అక్కడా బాగోకపోతే మరో చోటు. పిల్లికి తెలిసిన రక్షణ అదొక్కటే. తాళం వేయడమంటే ఆ ఏడిళ్లనూ ఒకే ఇల్లు చేయడం. అయితే 150 కిలోమీటర్ల గాలిలో బయట పిల్లికి మిగిలే ఏడిళ్లు ఏమిటి? పక్కింటి రేకుల షెడ్డు, కరెంటు స్తంభం పక్కనున్న వేపచెట్టు, మురిక్కాలువ తూము. గాలికి ముందు లేచేది ఆ రేకులే, పడేది ఆ చెట్టే, నిండేది ఆ తూమే. పైగా ఒక రెక్క తెరిచిన కిటికీలోంచి దూరిన గాలి పైకప్పును లోపలినుంచి ఎత్తడం మొదలుపెడుతుంది. రేకుల ఇళ్లలో, పెంకుటిళ్లలో అది చిన్న విషయం కాదు. పిల్లికి దారి వదిలామనుకుంటాం, గాలికి దారి ఇచ్చినట్టవుతుంది.

అందుకని డాబా ఇల్లయితే పిల్లి లోపలే ఉండాలి, కానీ లోపలే దానికి నాలుగు చోట్లు ఉండాలి. తీరా తుఫాను రోజున కనిపించేది ఇందుకు పూర్తిగా విరుద్ధం. జాగ్రత్త పేరుతో పిల్లిని బాత్రూములో పెట్టి గడియ వేసేస్తారు. కిటికీ చిన్నది, గోడలు దగ్గర, సేఫ్ అని. కాస్త నిలబడి చూడండి ఆ బాత్రూమును. పైన గాజు పలకల వెంటిలేటరు, కింద డ్రైనేజీ జాలీ. వీధి మునిగితే నీళ్లు ముందు గుమ్మంలోంచి రావు, ఆ జాలీలోంచే బుసబుసా పైకి తన్నుతాయి. పిల్లి ఎక్కడానికి నున్నటి టైల్సు తప్ప ఏమీ ఉండవు. పక్కనే నిండా పట్టి ఉంచిన బకెట్టు ఉంటుంది, మనుషుల అవసరానికని. కూనపిల్ల అయితే అందులో పడితే మళ్లీ పైకి రాలేదు. బయటి గడియ పడింది కాబట్టి మిగతా ఇల్లంతా పొడిగా ఉన్నా ఆ సంగతి దానికి అక్కరకు రాదు.

దీనికంటే ఇంటి మధ్యలో, బయటి గోడకు ఆనుకోని గది మేలు. చాలా డాబాల్లో అది మెట్ల కింద చోటో, దేవుడి గదిని ఆనుకున్న నడవో అవుతుంది. ఆ గది తలుపు మూయకూడదు, ఊగకుండా ఆపాలి. తుఫాను గాలికి ఇంట్లో తలుపులు ఎంత బలంగా కొట్టుకుంటాయో ఒక రాత్రి విన్నవాళ్లకు తెలుసు. తోక నలిగినా నడుం నలిగినా అక్కడే. ప్లాస్టిక్ డోర్ స్టాపర్లు ఆగవు. సన్నికల్లు పొత్రం తలుపు కింద అడ్డంగా పెట్టి, పైన కొక్కేనికి తాడు కడితే కదలదు. అక్కడినుంచి పైకి ఎక్కే దారి ఒకటి ఉండాలి: స్టూలు, దాని మీదినుంచి బీరువా, బీరువా మీదినుంచి అటక. బీరువా మీద నున్నగా ఉంటే గోనెసంచి పరిస్తే కాలు జారదు. అటక మీద ఇత్తడి బిందెలు అంచున పెట్టి ఉంటే ముందే దింపేయాలి. బెదిరిన పిల్లి వాటి వెనకే దూరుతుంది, దొర్లితే దాని మీదే పడతాయి.

అటక మంచిదా కాదా అన్నది ఇంటిని బట్టి మారుతుంది. సిమెంటు కప్పు కింద అటక నీళ్లొచ్చినా గాలొచ్చినా మంచిదే. పెంకుటింటి అటక నీటికి మంచిది, గాలికి చెడ్డది. పెంకులు లేచిపోయాక మొదట తడిసేదీ, దూలం కూలితే మొదట నలిగేదీ అదే. బరంపురంలో పట్టు నేసే పాత వీధుల్లో గోడకు గోడ ఆనుకున్న పొడుగాటి ఇళ్లుంటాయి. అక్కడి పిల్లులు కప్పుల మీదుగానే వీధంతా తిరుగుతాయి, గాలి మొదలైతే అలవాటు కొద్దీ పైకే వెళ్తాయి. అలాంటి ఇంట్లో అటక మీదికి వెళ్లే నిచ్చెన తీసేసి, కింద మంచం అడుగునో భోషాణం వెనకో గూడు కట్టడం మేలు. రేకుల ఇంటి విషయంలో ఏ చిట్కా పనికిరాదు. తుఫాను హెచ్చరిక ఉన్నప్పుడు రేకుల ఇంట్లో పిల్లిని వదిలి వెళ్లకూడదు, అంతే. ఆర్జీపల్లి, గోపాల్‌పూర్ తీరంలోని తెలుగు బెస్తవాడల్లో ఎండుచేపల పుణ్యమా అని ఇంటికో పిల్లి ఉంటుంది. షెల్టర్‌కు వెళ్లేటప్పుడు దాన్ని మూత ఉన్న వెదురుబుట్టలో పెట్టి, పైన వల కప్పి వెంట తీసుకెళ్లడమే సరైన పని. తలగడ గలీబులో పెట్టి మూతి కట్టినా కాసేపటి ప్రయాణానికి పరవాలేదు, గాలి ఆడుతుంది.

అపార్ట్‌మెంట్ వాళ్లు నీళ్లు రావని ధీమాగా ఉంటారు. వాళ్లకు ముప్పు స్లైడింగ్ అద్దాలతో, బాల్కనీతో. బాల్కనీ తలుపుకు గడియ పడిందో లేదో రెండుసార్లు చూసుకుని, పిల్లిని లిఫ్టు వైపున్న లోపలి గదికి మళ్లిస్తే సగం పని అయినట్టే.

గాలి దిక్కు గురించి ఒక మాట. తుఫాను కన్ను, అంటే దాని నడిమి భాగం, మన ఊరి మీదుగానే వెళ్తే మధ్యలో కాసేపు గాలి పూర్తిగా ఆగిపోతుంది. తర్వాత ఎదుటి దిక్కునుంచి అంతే జోరుగా మొదలవుతుంది. ముందు ఉత్తరం, ఈశాన్యం కిటికీలు దెబ్బ తింటే తర్వాత దక్షిణం వైపువి తింటాయి. పిల్లి మొదటి గాలికి చాటుగా ఉన్న గోడ పక్క చేరి ఉంటుంది. రెండో గాలికి అదే ఎదురు గోడ. ఒకే గదిలో పెట్టి గడియ వేయొద్దనడానికి ఇదీ ఒక కారణం. ఆ ప్రశాంతంగా ఉన్న అరగంటలో, అయిపోయింది కదా అని పొరుగువాళ్లు తలుపు తీస్తే పిల్లి బయటికి దూసుకుపోయేదీ అప్పుడే.

గిన్నె, పళ్లెం, ఇసుక

పాలు వద్దు. అక్టోబరు ఉక్కలో మూసిన ఇంట్లో పాలు పూట గడవకముందే విరుగుతాయి. చేప అన్నం మర్నాటికి పులుస్తుంది. ఎండుచేప పాడవదని పెడతారు, కానీ దాని ఉప్పుకు దాహం రెట్టింపయి నీళ్లు ముందే అయిపోతాయి. పొడి మేత ఒక్కటే రోజుల తరబడి నిలుస్తుంది. నాలుగు కిలోల పిల్లికి రోజుకు 50–60 గ్రాములు చాలు. అయితే ఇన్నాళ్లూ చేప అన్నం తిన్న పిల్లి ముందు ఉన్నట్టుండి పొడి గింజలు పోస్తే వాసన చూసి వెళ్లిపోతుంది. భయంలో ఉన్న పిల్లి కొత్త తిండి అసలే ముట్టదు. ప్రయాణానికి పది రోజుల ముందునుంచే కొద్దికొద్దిగా కలుపుతూ అలవాటు చేయాలి. ఎంత పెట్టాలన్నదానికి ఒక మొరటు లెక్క ఉంది: అనుకున్న రోజులు, దానిపైన మూడు.

చీమల సంగతి వేరే చెప్పాలా? వాన పడితే చీమలన్నీ ఇంట్లోనే. పాత పద్ధతే ఇక్కడ పనికొస్తుంది: వెడల్పాటి పళ్లెంలో నీళ్లు పోసి మధ్యలో మేత గిన్నె పెట్టడం. అంతా ఒకేచోట కాకుండా సగం కింద, సగం ఎత్తులో పెడితే నేల తడిసినా కొంత మిగులుతుంది. నీళ్లు కనీసం మూడు చోట్ల ఉండాలి, ఒరిగిపోని మందపాటి స్టీలు బేసిన్లలోనో మట్టి మూకుళ్లలోనో. ప్లాస్టిక్ గిన్నె ఒకటే పెడితే తొలి ఉరుముకు పిల్లి పరుగెత్తి దాన్ని తన్నేస్తుంది. ఇక ఐదు రోజులూ పొడి నేలే. మనుషుల కోసం నింపిన డ్రమ్ములకు మూతలు బిగించి పైన బరువు పెట్టాలి.

పిల్లి దొడ్డికి వెళ్లే ఇసుక తొట్టి రెండు పెట్టడం మగపిల్లి కోసం. ఒకటి మురికైతే అది రెండో దాని దగ్గరికి వెళ్తుంది. రెండోది లేకపోతే ఆపుకుంటుంది. రంపపు పొట్టు దొరికే ఊళ్లలో అది ఇసుక కంటే తేలిక, వాసన కూడా తక్కువ.

మెయిన్ స్విచ్ ఆపాలి, గ్యాస్ కట్టేయాలి, ఇన్వర్టర్ బ్యాటరీ నేల మీద ఉంటే ఎత్తు మీద పెట్టాలి. దీపం వెలిగించి వెళ్లడం అలవాటున్నవాళ్లు ఆ ఒక్కసారికి దేవుడికి చెప్పుకుని మానేయాలి. పిల్లి తోకకు దీపం, తెర తేడా తెలియదు.

ఈమధ్య కెమెరాల నమ్మకం ఒకటి వచ్చింది. విశాఖలో కూర్చుని ఫోన్‌లో పిల్లిని చూసుకోవచ్చని. చూసుకోవచ్చు, కరెంటు ఉన్నంతసేపు. మెయిన్ ఆపేస్తే కెమెరా అప్పుడే పోతుంది. ఆపకపోయినా తుఫానుకు గంటల ముందే లైన్ తీసేస్తారు. ఇన్వర్టర్ ఉన్నా వైఫై ఇచ్చే కేబులు స్తంభంతోపాటు పడిపోతుంది. సరిగ్గా చూడాల్సిన వేళకు తెర నల్లబడుతుంది, అప్పుడు మొదలయ్యే టెన్షన్ కెమెరా లేనివాళ్ల టెన్షన్ కంటే ఎక్కువ. కరెంటుతో నడిచే తిండిపెట్టెలూ అంతే. బ్యాటరీ మీద నడిచేవి కొంత నయం.

తాళంచెవి ఎవరి దగ్గర?

అన్నిటికంటే పెద్ద నిర్ణయం ఇదే. తుఫాను వెళ్లిన మర్నాడు తలుపు తీసి, నీళ్లు మార్చి, పిల్లి బతికుందో లేదో చూసే మనిషి ఒకరుంటే పైన చెప్పుకున్న రోజుల లెక్క మళ్లీ గంటల లెక్క అవుతుంది. మామూలుగా తాళంచెవి ఎవరికి ఇస్తాం? బాగా దగ్గరివాళ్లకు. ఊరికి అవతలి కొసన ఉండే మేనమామకో, ఆఫీసు స్నేహితుడికో. అక్కడే పొరపాటు. చెట్లు పడిన రోడ్డు మీద, పెట్రోలు బంకులు మూసిన రోజున, బండి మీద రావాల్సిన మేనమామ రాలేడు. నడిచి రాగల దూరంలో ఉన్నవాళ్లయితే అంత చనువు లేకపోయినా పనికొస్తారు.

ఇంకో షరతుంది. ఆ మనిషి కూడా ఇల్లు ఖాళీ చేసేవాడు కాకూడదు. తీర గ్రామాల్లో ఖాళీ చేయిస్తే వీధి మొత్తం వెళ్తుంది, పక్కింటివాళ్లకు తాళం ఇచ్చి ప్రయోజనం లేదు. 1999 సూపర్ సైక్లోన్ తర్వాత ఒడిశాలో జనాన్ని ముందే తరలించడం బాగా గట్టిపడింది. మనుషుల ప్రాణాలు నిలిపిన పద్ధతి అది. దాని వల్లే మనుషుల్లేని వీధిలో పిల్లుల్ని చూసేవాళ్లు కూడా ఉండరు. అందుకని తాళం మెరకలో, పక్కా ఇంట్లో ఉండే వాళ్ల దగ్గర ఉండాలి.

ఆ మనిషి పిల్లికి కొత్త కాకూడదు. ముందు రెండుసార్లు వచ్చి తన చేత్తో దానికి తిండి వాసన చూపించి ఉంటే మంచిది. అది ఎక్కడెక్కడ దాక్కుంటుందో చెప్పాలి: బీరువా వెనక, ఫ్రిజ్ కింద, బియ్యం డ్రమ్ము సందులో. కనిపించలేదని కంగారుపడి తలుపులన్నీ తీసి వెతకొద్దని, దాక్కున్నదాన్ని కాలు పట్టి లాగొద్దని చెప్పాలి. నీళ్లు తగ్గాయా, మేత తగ్గిందా, ఇసుకలో గడ్డలున్నాయా అని మాత్రం చూస్తే చాలు. ఈ మూడూ పిల్లి బాగుందనే చెబుతాయి.

తెలుగువాళ్లు తరచూ మరిచిపోయే చిన్న విషయం ఒకటుంది. గుమ్మానికి చీటీ అంటించేటప్పుడు మనం తెలుగులో రాస్తాం. తుఫాను వేళ వీధుల్లో తిరిగే వాలంటీర్లు, ఫైర్ సిబ్బంది, లైన్‌మెన్లలో ఎక్కువమంది చదివేది ఒడియా. "ఘర భితరే బిలెయి అఛి", అంటే ఇంట్లో పిల్లి ఉంది అన్న మాటను ఒడియా లిపిలో, పెద్ద అక్షరాలతో, తాళం ఎవరి దగ్గరుందో ఆ ఫోన్ నంబరుతో సహా రాసి పెట్టాలి. ఒడియా మీడియంలో చదివే పిల్లలు ఏ ఇంట్లోనైనా ఒకరుంటారు, వాళ్లతో రాయించవచ్చు. కాగితానికి ప్లాస్టిక్ కవరు తొడిగి, తలుపు వానకు తడవని వైపు అంటించాలి.

ఇక ఎప్పుడు తేల్చుకోవాలి? తీరంలో వాతావరణం చెడడం మొదలయ్యే వేళకు వాతావరణ శాఖ 72 గంటల ముందు తొలి సూచన ఇస్తుంది, 48 గంటల ముందు అలర్టు, 24 గంటల ముందు వార్నింగు. మనుషులకు 24 గంటల వార్నింగు చాలు. ఊళ్లో లేనివాళ్ల పిల్లికి ఆ వేళకు ఆలస్యమైపోతుంది, రైళ్లు రద్దయ్యేదీ పొరుగువాళ్లు సర్దుకుని వెళ్లిపోయేదీ అప్పుడే. 48 గంటల అలర్టు వినగానే వెనక్కి రావాలా, తాళం ఉన్నవాళ్లకు ఫోన్ చేయాలా అన్నది తేలిపోవాలి. కొండ జిల్లాల వాళ్లకు మరో మెలిక. గాలి తీరంలోనే బలహీనపడుతుంది కాబట్టి గజపతి, రాయగడల వాళ్లు తీరం దాటగానే ఊపిరి పీల్చుకుంటారు. తిత్లీలో గజపతి జిల్లాకు అసలు దెబ్బ ఆ తర్వాత పడింది. బరఘరాలో కొండచరియ విరిగింది, వంశధార పొంగింది. అక్కడ పిల్లి మీద నిఘా తుఫాను వార్తలు ఆగిపోయాక ఇంకో రెండ్రోజులు ఉండాలి.

తలుపు తీశాక

తిరిగొచ్చిన ఇంట్లో ముందు చేసే పని కడగడం. బురద ఎత్తిపోసి, బ్లీచింగ్ చల్లి, ఫినాయిల్‌తో తుడుస్తారు. పిల్లి ఉన్న ఇంట్లో తుఫాను తర్వాత కొత్తగా వచ్చే ప్రమాదం ఇదే. ఫినాయిల్లో ఉండే ఫినాల్ జాతి రసాయనాలను మన కాలేయం కొంత వరకు విరిచేసుకుంటుంది, పిల్లి కాలేయానికి ఆ శక్తి చాలా తక్కువ. పిల్లి నేలను నాకదు నిజమే. తడి నేల మీద నడుస్తుంది, తర్వాత కూర్చుని కాళ్లు నాక్కుంటుంది. ఒక్కో వేలూ విడదీసి మరీ నాకుతుంది. నల్ల ఫినాయిల్ అసలు వాడకపోవడం మంచిది. తప్పదంటే పిల్లిని వేరే గదిలో ఉంచి, తుడిచాక మంచినీళ్లతో ఇంకోసారి తుడిచి, పూర్తిగా ఆరాకే వదలాలి. బట్టల మధ్య పెట్టే నాఫ్తలీన్ ఉండలు కూడా అంతే ప్రమాదం. వరద నీటిలో కలిసిన కిరసనాయిలు, డీజిలు ఒంటికి అంటుకుని ఉంటే గోరువెచ్చని నీళ్లలో కొద్దిగా సబ్బు వేసి కడిగి తుడవాలి, నాకనివ్వకూడదు.

నీరసంగా ఉంది, ఒళ్లు కాలుతోంది అని పారాసిటమాల్ ముక్క వేయడం మరీ ఘోరం. పిల్లికి అది విషం, ఒక్క మాత్రతోనే చనిపోవచ్చు. తినడం మానేసి ఒక రోజు దాటినా, ఇసుకలో పదేపదే కూర్చుని ముక్కుతూ ఏమీ పోయలేకపోతున్నా పశువుల డాక్టరు దగ్గరికి ఆ రోజే వెళ్లాలి. రెండోది మగపిల్లిలో కనిపిస్తే సాయంత్రం దాకా కూడా ఆగకూడదు. వరద తగ్గాక పాములు ఇళ్లలోకి వస్తాయి కాబట్టి పిల్లి ఏదైనా మూల వైపు గుడ్లప్పగించి చూస్తుంటే చెయ్యి పెట్టకుండా టార్చి వేసి చూడటం మంచిది.

కప్పు లేచిపోయి పిల్లి కనిపించకపోతే చాలామంది ఊరంతా తిరిగి, పేరు పెట్టి అరుస్తూ వెతుకుతారు. భయపడిన పిల్లి పిలిస్తే పలకదు, అలవాటున్న గొంతయినా సరే. అలాగని దూరం కూడా పోదు. సాధారణంగా రెండు మూడు ఇళ్ల అవతల, నేలకు దగ్గరగా, ఏదో ఒక సందులో బిగదీసుకుని ఉంటుంది. పడిపోయిన రేకుల కింద, నీళ్ల ట్యాంకు వెనక, మెట్ల కింద పోసిన ఇటుకల మధ్య. జనం అలికిడి తగ్గాక, రాత్రి పదకొండు దాటాక, టార్చిని కళ్ల ఎత్తున పట్టుకుని నేలబారుగా వేస్తూ నడవాలి. కరెంటు లేని వీధిలో ఇది ఇంకా సులువు, రెండు ఆకుపచ్చ చుక్కలు దూరం నుంచే మెరుస్తాయి. అప్పుడు కూడా దగ్గరికి వెళ్లి పట్టుకోబోతే ఇంకో సందులోకి దూరుతుంది. అది పడుకునే పాత గుడ్డను, రోజూ తినే గిన్నెను అక్కడే పెట్టి, పది అడుగులు వెనక్కి వచ్చి నేల మీద కూర్చోవాలి. గంట పట్టొచ్చు. ఒక్కోసారి మూడు రాత్రులు అదే చోట కూర్చోవాల్సి వస్తుంది.